చైను ఊడితేనే నీళ్ళు

రోజూ ఉదయం అయిదు నలభైకి మా బాల్కనీలో నిలబడి ఒక పెద్దమనిషిని గట్టిగా కేకలెయ్యడం కొన్నాళ్ళపాటు నా అధికారిక బాధ్యత. జీతం లేదు, గుర్తింపు సంఖ్య మాత్రం ఉండేది. నేను బి.ఎస్సీ. బోటనీ చదివాను. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగానైనా వచ్చిందని మావారు సంతోషించారు.

మా కంచర వీధికి నీళ్ళు వదిలేది పోలినాయుడు. వీధి మొదట్లో రోడ్డు మీద ఇనప మూత ఉంటుంది. మూత తీస్తే గొయ్యి, గొయ్యిలో వాల్వు. పొడుగాటి ఇనప తాళంచెవి దింపి తిప్పాడంటే ముప్పావుగంట నీళ్ళొస్తాయి. ఇరవై ఒక్క ఏళ్ళుగా కాంట్రాక్టు మీద అతను చేస్తున్న పని అదే. మొత్తం నాలుగు నిమిషాల వ్యవహారం. ఇంత చిన్న పనిని ఊరి నీటి మండలి అంతకాలం ఎందుకు గమనించకుండా ఊరుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మండలి ముఖ్య ఇంజనీరు దక్షిణామూర్తి గారు మూడు రోజుల సదస్సు ఒకదానికి వెళ్ళొచ్చారు. క్లౌడ్ మీద ఎంటర్‌ప్రైజ్ మొబైల్ యాప్ లేని సంస్థ అసలు సంస్థే కాదని అక్కడెవరో ఆయనతో అన్నారట. అప్పటికి ఆయన సర్వీసు ముప్ఫై ఏళ్ళు. ఇన్నాళ్ళూ సంస్థ కానిదాంట్లో పనిచేశానా అని ఆయన మనసు చివుక్కుమంది. వచ్చిన వారంలోపే బెంగుళూరు కంపెనీ ఒకదానితో ఒప్పందం కుదిరింది. యాప్ పుట్టకముందే పేరు పెట్టేశారు, "గంగావతరణం" అని.

అంతకుముందు మండలి ఒకసారి కంప్యూటరీకరణ చేసింది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఊహించి రాసిన పద్ధతి ప్రకారం వాల్వు తిప్పడానికి ఒక జీపు, ఇద్దరు సహాయకులు, ఎర్రజెండా కావాలి. అవేవీ లేకపోవడంతో లెక్క ప్రకారం ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా ఎవరికీ నీళ్ళు రాలేదు. అందుకని ఈసారి దక్షిణామూర్తి గారు ఒక నియమం పెట్టుకున్నారు. మండలి ఉత్తర్వులో అది ఇలా ఉంది: "క్షేత్రస్థాయిలో కనబడినది కనబడినట్లుగా యాప్‌నందు పొందుపరచవలెను. సదరు అంశములలో కార్యాలయ సిబ్బంది అక్షరమైనను మార్చరాదు."

వినడానికి బంగారం లాంటి నియమం. నేను కూడా మెచ్చుకున్నాను.

క్షేత్రస్థాయి అంటే ఏ వాల్వు అని ఆలోచించి, ఊళ్ళోకెల్లా ఒక్క ఫిర్యాదూ లేని మనిషి పోలినాయుడు కాబట్టి, అతని వెనకాల తిరిగి రాసుకోమని కంపెనీ తరఫున హిమజ అనే అమ్మాయిని పంపారు. అనకాపల్లి పిల్ల. వీపున సంచి, చేతిలో పలక లాంటి ట్యాబ్లెట్. మొదటిరోజు సాయంత్రం మా గుమ్మంలో మంచినీళ్ళు అడిగింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

"క్లౌడంటే ఏంటమ్మా?" అని అడిగాను.

"ప్రోగ్రాము మన దగ్గర ఉండదాంటీ. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది. ఒక్క వాల్వుకి చేశామంటే ఊళ్ళో ఉన్న ముప్ఫై ఎనిమిది వాల్వులకీ చేసినట్టే. మళ్ళీ మళ్ళీ చెయ్యక్కర్లేదు."

"ఒకదాంట్లో తప్పు జరిగితే?"

"అది కూడా అంతే స్పీడుగా అందరికీ వెళ్తుందాంటీ," అంది గర్వంగా.

మర్నాడు పరిశీలన. మండలి ఇచ్చిన గడువు ఒకే ఒక్క ఉదయం. ఆ ఉదయం పోలినాయుడు వీధి మలుపులో ఉండగా సైకిలు చైను ఊడింది. తొడుక్కున్నాడు. మసి చేతులతోనే గంగులు బండి దగ్గర టీ తాగి, "పంచదార తక్కువేసినావురా" అన్నాడు. వాల్వు మూత మీద నల్లకుక్క ఒకటి పడుకుని ఉంది. "లెగవే తల్లీ" అని లేపాడు. ఈలోగా నా బిందెలు ఖాళీగా ఉన్నాయి, పొయ్యి మీద ఎసరు పెట్టాలి, నాకు ఒళ్ళు మండింది. బాల్కనీలోంచి అరిచాను.

"ఏమయ్యా పోలినాయుడూ! ఊరంతా లేచింది. నీకు మాత్రం ఇప్పుడు తెల్లారిందా?"

"వొచ్చేత్తన్నానమ్మా! సైను ఊడిపోనాది," అన్నాడు.

నీళ్ళొచ్చాయి. హిమజ ట్యాబ్లెట్ మీద వేళ్ళు టకటక ఆడించింది. అంతా రాసుకుంటోందని అప్పుడు అనుకోలేదు. పిల్లకి పని మీద శ్రద్ధ ఎక్కువని మాత్రం అనుకున్నాను.

నెలన్నరకి గంగావతరణం వచ్చింది. దక్షిణామూర్తి గారు రిబ్బను కత్తిరించారు. రిబ్బను ఫోనుకి కట్టారు కాబట్టి కాస్త జాగ్రత్తగా కత్తిరించారు. యాప్‌లో అయిదు మెట్లు. ఒకటి, చైను ఊడుట, తొడుగుట. మసి చేతుల ఫోటో తప్పనిసరి. రెండు, టీ సేవించి పంచదార తక్కువైనదని తెలియజేయుట. మూడు, మూతపై శయనించిన శునకమును లేపుట. నాలుగు, పౌర నిలదీత, ఉద్యోగి వివరణ. అయిదు, వాల్వు తిప్పుట. మొదటి నాలుగు మెట్లూ పచ్చబడితేనే ఎక్కడో ఉన్న ఆ పెద్ద కంప్యూటరు సరే అంటుంది. అది సరే అంటేనే ట్యాంకు దగ్గర గేటు తెరుచుకుంటుంది. లేదంటే వాల్వు ఎంత తిప్పినా కుళాయిలో గాలే.

నా ఫోనుకి సందేశం వచ్చింది: "శ్రీమతి ఇందుమతి గారూ, మీ పాత్ర: నిలదీయు పౌరురాలు. ప్రతిదినం ఉ. 5.40."

హిమజకి ఫోను చేశాను. పాపం, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నేను వాళ్ళకి చెప్పానాంటీ, ఇవన్నీ ఆ రోజు అనుకోకుండా జరిగినవి అని. 'అనుకోకుండా జరిగినది అని మీరనుకోవడం కార్యాలయ ఊహ, జరగడం క్షేత్రస్థాయి వాస్తవం' అన్నారు దక్షిణామూర్తి సార్. రాసిచ్చారు కూడా."

మర్నాడు లేచి నిలదీశాను. తెల్లారుతూనే ఏ కారణమూ లేకుండా ఒకరి మీద అరవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పైగా పోలినాయుడు అయిదున్నరకే వచ్చి, మలుపులో సైకిలు దిగి, కాలితో చైను తన్ని ఊడదీసి, మళ్ళీ తొడిగి, ఫోటో తీసుకుని, చేతులు కట్టుకుని మా బాల్కనీ కింద నిలబడ్డాడు.

"ఏమయ్యా పోలినాయుడూ, ఊరంతా లేచింది..." అన్నాను మెల్లగా.

ఫోను ఎర్రగా మెరిసింది. "నిలదీత తీవ్రత చాలలేదు."

"గట్టిగా తిట్టండమ్మగోరూ, నానేటీ అనుకోను," అన్నాడు అతను కింద నుంచి బతిమాలుతూ.

తిట్టాను. నీళ్ళొచ్చాయి.

మిగతా ముప్ఫై ఏడు వాల్వుల సంగతి పత్రికల్లో కొంత, పాలవాడి నోట కొంత విన్నాను. ఏడో వార్డు మనిషికి సైకిలు తొక్కడం రాదు. మండలి అతనికి సైకిలిచ్చింది, అతను దాన్ని నడిపించుకుంటూ వచ్చి, చైను ఊడదీసి తొడిగి, మళ్ళీ నడిపించుకుంటూ వెళ్ళేవాడు. ప్రతి వాల్వు పక్కనా టీ బండికి అనుమతులిచ్చారు. పంచదార తక్కువ అని రోజూ అనిపించుకుని గంగులు మొదట్లో నొచ్చుకున్నాడు. తరవాత అబద్ధమాడించడం ఎందుకని నిజంగానే తగ్గించి వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ బండి దగ్గర టీ తాగేవాళ్ళందరికీ షుగరు అదుపులోకి వచ్చింది. మండలి దీన్ని యాప్ సాధించిన ప్రగతి కింద రాసుకుంది.

కుక్కల దగ్గర చిక్కొచ్చింది. పదకొండు వార్డుల్లో మూత మీద పడుకునే కుక్కలు లేవు. ఉన్నచోట్ల మునిసిపాలిటీ బండి వచ్చి పట్టుకెళ్ళేది. నీటి మండలి మునిసిపాలిటీకి ఘాటుగా లేఖ రాసింది: "సదరు శునకములు మా జలసరఫరా ప్రక్రియలో అంతర్భాగములు. వాటిని వెంటనే తిరిగి విధులలోనికి పంపవలెను." మునిసిపాలిటీ మూడు కుక్కల్ని డిప్యుటేషన్ మీద పంపింది.

అసలు ఇబ్బంది ఆఫీసర్స్ కాలనీలో వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు బాల్కనీలోంచి అరిచే అలవాటు ఉన్నవాళ్ళు కారు. తొమ్మిది రోజులు నీళ్ళు లేవు. చివరికి దక్షిణామూర్తి గారు నాకు కారు పంపి, "మీరు విషయ నిపుణులు" అని రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టించారు. జడ్జి గారి భార్య ముందుకొచ్చి, "ఏమండీ, వీలైతే కొంచెం త్వరగా వస్తారా?" అంది. ఎర్రలైటు.

"అలా కాదండీ. ఎసరు మరుగుతోంది, బియ్యం కడగడానికి చుక్క లేదు. అది తలుచుకోండి," అన్నాను.

"మా ఇంట్లో వంటమనిషి చూసుకుంటుందండీ."

"అయితే ఆ వంటమనిషి మానేసిందని తలుచుకోండి."

కళ్ళు మూసుకుని తలుచుకుంది. ఆ తరవాత ఆవిడ అరిచిన అరుపుకి శిబిరం కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. ఆ కాలనీకి మర్నాటి నుంచీ సమయానికి నీళ్ళొచ్చాయి. జడ్జి గారు కూడా చాలా మారారని చెప్పుకుంటారు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తరవాత ఒకరోజు పోలినాయుడి ఫోనులో ఎర్రగీత పడింది.

నెలలో మూడుసార్లు ప్రక్రియ తప్పితే కాంట్రాక్టు రద్దని నిబంధన. మొదటి గీత చైను వల్ల పడింది. రోజూ తన్నులు తిని పాత చైను తెగిపోతే కొత్తది వేయించుకున్నాడు. ఆ కొత్త చైను ఎంత తన్నినా ఊడలేదు. రెండోది నల్లకుక్క వల్ల. అది ఈని, పిల్లల్తో సహా స్కూలు వరండాలోకి మకాం మార్చింది. మూతా ఉంది, మనిషీ ఉన్నాడు, లేపడానికి మాత్రం ఎవరూ లేరు.

మూడోది నా వల్ల.

జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. కింద పోలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధి వీధంతా బిందెలతో బయటికొచ్చి నా వంక చూస్తోంది. మావారు చొరవ చేసి, నా ఫోను తీసుకుని, "ఏమయ్యా పోలినాయుడూ!" అని ఉరిమారు. "అధీకృత స్వరం కాదు" అంది యాప్.

"చూశావా," అన్నారు మావారు చిన్నబోయి, "ఈ ఇంట్లో నా మాట చెల్లదని వాళ్ళకీ తెలిసిపోయింది."

నాకు నవ్వు రాలేదు. కింద పోలినాయుడు ఫోనుకేసి చూసుకుని, ఇనప తాళం భుజాన వేసుకుని, సైకిలెక్కకుండా నడిచి వెళ్ళిపోయాడు.

మూడోరోజు నోటీసు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఏటి రాసినారో సదవండమ్మా."

చదివాను. "ఆదర్శ ప్రక్రియను అనుసరించుటలో పదేపదే విఫలమైనందున తమరిని విధుల నుండి ఏల తొలగించరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

"ఆదర్శ పెక్రియంటే?"

"ఆ రోజు నువ్వు చేసిన పనే పోలినాయుడూ."

"అంటే నానే సేసినాను, నాకే సెయ్యడం రాదంతన్నారు."

"అంతే."

"యాబై నాలుగేళ్ళొచ్చాయమ్మా. నాకీ వాల్వు తప్ప ఇంకోటి తెల్దు. పొలమా లేదు. ఇప్పుడెల్లి ఏ పని నేర్సుకుంటాను?" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "మీ గొంతు ఎలగుందమ్మా? మిరియాల పాలు తాగండి," అన్నాడు.

అతను వెళ్ళాక మిరియాల పాలు తాగాను. తాగి, చీర మార్చుకుని, మండలి ఆఫీసుకి వెళ్ళాను.

దక్షిణామూర్తి గారు మంచివారు. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, గోడ మీది పెద్ద తెర చూపించారు. ముప్ఫై ఎనిమిది చుక్కలు మెరుస్తున్నాయి, కంచర వీధి చుక్క ఎర్రగా.

"మీ బాధ నాకర్థమైందమ్మా. కాని యాప్‌లో లోపం లేదు. యాప్ పోలినాయుణ్ణే అనుసరిస్తోంది. పోలినాయుడే తనలాగా పనిచెయ్యడం లేదు."

"కుక్క లేకపోతే అతనేం చేస్తాడండీ?"

"అది సంజాయిషీలో రాసుకోవచ్చు. ప్రక్రియని మాత్రం ఆఫీసులో కూర్చుని మార్చడం కుదరదు. క్షేత్రం పవిత్రం. మార్పంటూ జరిగితే అది క్షేత్రంలోనే, మళ్ళీ పరిశీలన జరిపి, రెండవ వెర్షన్‌గా రావాలి."

"అయితే మళ్ళీ పరిశీలించండి. ఏడు రోజులు కాకముందే."

ఆయన సందేహించారు. అప్పుడు నేను నిజంగా ఏమీ ఆలోచించకుండానే ఒక మాట అన్నాను. "మొదటిసారి మీరు రాలేదు కదండీ. ఈసారి మీరే స్వయంగా వచ్చి వాల్వు మీద చెయ్యేస్తే ఎంత బాగుంటుంది! ముఖ్య ఇంజనీరు గారు తెల్లవారుజామునే వీధిలోకొచ్చి నీళ్ళు వదిలారంటే పత్రికలవాళ్ళు కూడా వస్తారు."

ఆయన తెరకేసి చూశారు. తెరలో చుక్కలకన్నా తన ముఖమే ఎక్కువ కనిపిస్తున్నట్టుంది. "క్షేత్రస్థాయి నాయకత్వం," అన్నారు నెమ్మదిగా. అది రేపటి పత్రికలో శీర్షికని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

ఏమీ ఆలోచించకుండా అన్నానని రాశాను కదా. అది అంత నిజం కాదు.

ముందురోజు సాయంత్రం వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాను, రేపు ఎవరూ అరవొద్దు, ఎవరూ పలకరించొద్దు, హిమజ కంటపడిందల్లా ఊరికి చట్టమవుతుంది అని. సైకిలు ఇంట్లో పెట్టి నడిచి రమ్మని పోలినాయుడికి చెప్పాను. గంగులు బండి తియ్యలేదు. కొత్తగా ఏ కుక్కా మూత మీద పడుకోకుండా చూసే పని మావారు తీసుకున్నారు.

"నానేటి సెయ్యాలమ్మా?" అన్నాడు పోలినాయుడు.

"ఏమీ వద్దు. నీ పని నువ్వు చెయ్యి. సారు తప్పు చేస్తే మాత్రం మొహమాటపడకుండా చెప్పు."

"సారు తప్పు సేత్తారా?"

"ఎప్పుడైనా వాల్వు తిప్పారా ఆయన?"

మర్నాడు దక్షిణామూర్తి గారు తెల్లటి సఫారీలో దిగారు. పరిశీలన కాబట్టి ట్యాంకు దగ్గర గేటు ఆ పూటకి యాప్‌తో పని లేకుండా ముందే తెరిపించి ఉంచారు. వెనక హిమజ, ఆ వెనక ఇద్దరు ఫోటోగ్రాఫర్లు. వీధి చెవులు రిక్కించి మౌనంగా ఉంది. పోలినాయుడు మూత తీసి, తాళం దింపి, పక్కకి జరిగాడు. దక్షిణామూర్తి గారు రెండు చేతులా తాళం పట్టుకుని, కెమెరాలకేసి చిరునవ్వుతో చూసి, బలంగా తిప్పారు.

కదల్లేదు. ఇంకాస్త బలంగా తిప్పారు.

"అటు కాదు సార్, ఇటు," అన్నాడు పోలినాయుడు.

"ఆఁ?"

"అటు తిప్పితే బిగిసిపోద్ది సార్. ఇటు."

దక్షిణామూర్తి గారు ఇటు తిప్పారు. నీళ్ళొచ్చాయి. వీధి చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది. హిమజ ట్యాబ్లెట్ మీంచి తల ఎత్తి మా బాల్కనీకేసి ఒక్కసారి చూసింది. మళ్ళీ తల దించి, నియమం ప్రకారం, కనబడినది కనబడినట్టు రాసుకుంది.

గంగావతరణం రెండవ వెర్షన్ నోటీసు వచ్చిన ఆరో రోజున విడుదలైంది. చైను లేదు, టీ లేదు, కుక్క లేదు, నేను లేను. మూడే మెట్లు. ఒకటి, ఇంజనీరు స్థాయి అధికారి స్వయముగా వాల్వును తప్పు దిశలో త్రిప్పుట. రెండు, అనుభవజ్ఞుడైన సిబ్బంది "అటు కాదు సార్, ఇటు" అని సరిదిద్దుట. మూడు, అధికారి సరైన దిశలో త్రిప్పుట. రెండో మెట్టుకి అర్హత దగ్గర "సదరు వాల్వుపై ఇరువది ఒక్క సంవత్సరముల అనుభవము" అని ఉంది. కంచర వీధి వాల్వు మీద ఆ అర్హత ఊరి మొత్తానికి పోలినాయుడొక్కడికే ఉంది. అతన్ని తీసేస్తే ప్రక్రియ ఆగిపోతుంది కాబట్టి, నోటీసు రద్దు చేస్తున్నామని రెండు వాక్యాల కాగితం వచ్చింది. మిగతా వార్డుల్లో ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకి, నిండేదాకా మండలి మినహాయింపు ఇచ్చింది.

రెండు రోజుల్లో దక్షిణామూర్తి గారు హిమజకి ఫోను చేసి, మొదటి మెట్టు తీసెయ్యడం ఏమైనా సాధ్యమా అని మర్యాదగా అడిగారట. ఆ పిల్ల ఇంకా మర్యాదగా ఆయన ఉత్తర్వునే ఆయనకి చదివి వినిపించింది. మళ్ళీ పరిశీలన పెట్టిద్దామంటే, ఈలోగా గంగావతరణానికి అవార్డు వచ్చిపడింది, పై ఊళ్ళ నుంచి బృందాలు చూడ్డానికి వస్తున్నాయి. క్షేత్రస్థాయి నాయకత్వమే దాని ప్రత్యేకత అని ప్రశంసాపత్రంలో రాశారు.

ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి ఉదయం ముప్ఫై ఎనిమిది మంది ఇంజనీర్లు ముప్ఫై ఎనిమిది గోతుల దగ్గర నిలబడి, వాల్వుని తప్పు వైపు తిప్పుతారు. ముప్ఫై ఎనిమిది మంది నీళ్ళు వదిలేవాళ్ళు వాళ్ళకి "అటు కాదు సార్, ఇటు" అని చెబుతారు. ముఖాన్ని గుర్తుపట్టే ఏర్పాటుంది కనక కంచర వీధికి ముఖ్య ఇంజనీరు గారే రావాలి. వస్తున్నారు. సఫారీ మానేసి బనీను మీద తువ్వాలు వేసుకుని వస్తున్నారు. వచ్చిన మొదటివారంలోనే మా వీధి చివర మూడేళ్ళుగా కారుతున్న పైపు కంటపడి, బాగుచేయించారు కూడా.

మొన్న బుధవారం మాత్రం ఒక పొరపాటు జరిగింది. నిద్రమత్తో, రోజూ చేసి చేసి పని వచ్చేసిందో, దక్షిణామూర్తి గారు తాళం దింపి మొదటిసారే సరైన వైపు తిప్పేశారు. ఫోను ఎర్రగా మెరిసింది. ఆయన పేరు పక్కన ఒక గీత పడింది. కుళాయిల్లో గాలి.

ఆయన రోడ్డు మీదే గొయ్యి పక్కన కూలబడ్డారు. పోలినాయుడు వంగి, ఆయన చేతిలోంచి తాళం తీసుకుని, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"కంగారు పడకండి సార్," అన్నాడు, కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు నెమ్మదిగా. "ఇంకా రెండున్నాయి. రేపు నాను సెప్పీదాకా తప్పు వైపే తిప్పండి. అలవాటైపోద్ది."